కుర్చీలో లేనివాడి దణ్ణం

"అంత బాగా ఏ యంత్రమూ నడవదు సార్," అన్నాడు లెక్కల మాస్టారు ఫోన్లో.

అదే ఆయన ఆఖరి మాట. ఆ వెంటనే అద్దం చిట్లిన చప్పుడు, కుర్చీ పడిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఎవరో తాపీగా ఫోన్ అందుకుని కట్ చేశారు. గూఢచారి విభాగం మనుషులు హోటల్ గదికి చేరేసరికి ఏసీ నడుస్తోంది, లాప్‌టాప్ లేదు, కిటికీ అద్దంలో బఠాణీ గింజంత చిల్లు ఉంది.

మాస్టారు గూఢచారి కాడు. ఫ్యాక్టరీల పెర్ఫార్మెన్స్ డేటా చూసి ఏ యంత్రానికి ఏ రోగం రాబోతుందో చెప్పే డేటా అనలిస్ట్. జన్మలో చేసిన సాహసమల్లా విభాగానికి ఫోన్ చేయడమే. అలాంటివాణ్ణి కాల్చడానికి తుపాకీ ఎత్తిన చేతికి సిగ్గుండాలి.

విభాగం ఆఫీసు బయట 'తూనికలు, కొలతల పరికరాల మరమ్మతు' అని బోర్డుంటుంది. ఎవరైనా నిజంగానే త్రాసు పట్టుకొస్తే బాగుచేసి పంపిస్తారు కూడా. లోపల, చీఫ్‌ను అందరూ పెద్దాయన అంటారు. ఆయనకు పెన్సిల్ చెక్కుతూ మాట్లాడటం అలవాటు. ముల్లు ఎంత సన్నబడితే అప్పగించే పని అంత ప్రమాదకరమని అర్థం. ఆరోజు ముల్లు సూదిలా ఉంది.

"షోకేస్," అన్నాడు పెద్దాయన.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ నిటారుగా అయ్యాడు. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా మొదలై గూఢచారిగా తేలిన అతన్ని విభాగంలో మీటర్ అని పిలుస్తారు. షోకేస్ అంటే ఏమిటో అతనికి కొత్తగా చెప్పనక్కర్లేదు. అదొక విదేశీ ముఠా. ఒక దేశపు ఫ్యాక్టరీని అందరూ చూస్తుండగా పేల్చడం, మర్నాడే సూట్ వేసుకుని వెళ్ళి 'మా కంట్రోల్ సిస్టమ్ పెట్టుకుని ఉంటే ఇలా జరిగేదా?' అని బేరం పెట్టడం వాళ్ళ వ్యాపారం.

"టార్గెట్?"

"నువ్వు ట్రెయినీగా చేరిన అమోనియా ప్లాంటే. రేపు మన దేశపు కంట్రోల్ సిస్టమ్ డెమో. మంత్రిగారు వస్తున్నారు. మాస్టారు చూస్తున్నది ఆ ప్లాంట్ డేటానే."

"డెమో ఆపించెయ్యండి సార్."

"ఏమని? లెక్కల మాస్టారికి నచ్చలేదనా? తెరమీద అంతా గ్రీన్. ఆడిటర్లు సంతకాలు గిలికేశారు. నువ్వు వెళ్ళి, కంట్రోల్ రూమ్ కుర్చీలో కూర్చున్న మనిషికి ఒక్క నిజమైన రీడింగ్ అందించు. వాళ్ళు నమ్మేలా అందించు. అంతే పని." పెద్దాయన పెన్సిల్ పక్కన పెట్టాడు. "లోపల మనవాళ్ళు ఇద్దరున్నారు. మాస్టారి సంగతి ఆ ఇద్దరికే తెలుసు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఆయన్ని అమ్మేశారు."

"ఒకరు మా బావ," అన్నాడు మీటర్.

"రెండోది పచ్చ మేడం."

మీటర్ నవ్వేశాడు. "ఇందులో ఆలోచించడానికేముంది సార్?"

నిజమే, ఆలోచించడానికి ఏమీ లేదు. పచ్చ మేడం ఫ్యాక్టరీల అంకెలు తెరమీద చూపించే డాష్‌బోర్డులు అమ్ముతుంది. ఆమె అడుగుపెట్టిన ఫ్యాక్టరీలో ఎర్రగా ఉన్న అంకెలు కూడా వారం తిరక్కుండా పచ్చబడతాయి. ఆమె చీరలు, ఉంగరంలో రాయి, కారు అన్నీ అదే రంగు. అటు షోకేస్‌కీ ఇటు విభాగానికీ వార్తలు మోసి, రెండుచోట్లా మర్యాదలు పొందుతోంది.

ఇక బావ. అమ్మానాన్నా పోయాక అక్కతోపాటు పసివాడైన తమ్ముణ్ణి కూడా తన ఇంటికి తెచ్చుకున్న మనిషి. సైకిల్ తొక్కడం నుంచి సోల్డరింగ్ వరకు మీటర్‌కు చేతనైనవన్నీ ఆయన నేర్పినవే. ఆ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో సీనియర్ షిఫ్ట్ ఇన్‌చార్జి. ఆయన్ని విభాగానికి పరిచయం చేసింది కూడా మీటరే.

పెద్దాయన సొరుగులోంచి ఒక పెన్ను, ఒక చేతిగడియారం తీసి ఇచ్చాడు. పెన్ను మూతలో అయస్కాంతం, లోపల వైబ్రేషన్ సెన్సర్. యంత్రానికి అంటిస్తే చాలు, అది ఎంత అదురుతుంటే గడియారం చేతిమీద అంత కొట్టుకుంటుంది.

"కోడ్?"

"కాంప్రెసర్‌కి దాహమేస్తోందా?"

"జవాబు?"

"నూనె తాగి నిద్రపోతోంది."

మర్నాడు ఉదయం ఒత్తు మీసం, సోడాబుడ్డి కళ్ళద్దాలు, చంకలో ప్రొజెక్టర్‌తో మీటర్ బావ క్వార్టర్ తలుపు తట్టాడు. వేషం పేరు 'డేటా ట్రైనర్'. ఆపరేటర్లకు ఏ సమాచారం పనికొస్తుందో అడిగి తెలుసుకునే ఉద్యోగం. పాత సహోద్యోగులు గుర్తుపట్టకుండా ఉండటానికి మీసం అవసరమైంది.

బావ తలుపు తీసి ఎగాదిగా చూశాడు. చూసి పకపకా నవ్వాడు.

"ఒరేయ్, అచ్చం మీ నాన్నలా ఉన్నావురా!"

"అక్కేది బావా?"

"మీ పిన్నిగారింటికి పంపించాను. గాలి మార్పు ఉంటుందని. రా, బ్రెడ్ మాడ్చాను, తిందువుగాని."

మాడిన బ్రెడ్ ఇద్దరూ తిన్నారు. అక్క లేని వంటింట్లో స్టవ్ మీద పాలు పొంగి ఎండిపోయి ఉన్నాయి. బావ మామూలుగానే మాట్లాడాడు, మామూలుగానే వెక్కిరించాడు. ఈ మనిషి మీద అనుమానపు నీడ పడినందుకే మీటర్‌కు పెద్దాయన మీద కోపం వచ్చింది.

"ఈరోజు నీకు డ్యూటీ లేదుగా? ఇంట్లోనే ఉండు బావా."

"నువ్వొక్కడివీ వెళ్తే నాకు తోచదు. నేనూ వస్తా, పద," అని బావ అతని చెయ్యి పట్టుకుని లేవదీశాడు.

ప్లాంట్ గేటు దగ్గర పచ్చ మేడం అతిథులకు బ్యాడ్జీలు పంచుతోంది. పక్కనే చేతులకు తెల్ల గ్లోవ్స్ తొడుక్కున్న విదేశీ నిపుణుడు నిలబడి ఉన్నాడు. ఎండలో గ్లోవ్స్ ఎందుకని ఎవరూ అడగలేదు. విదేశీ నిపుణుడంటే ఏం తొడుక్కున్నా అడగరు.

"కాంప్రెసర్‌కి దాహమేస్తోందా?" అన్నాడు మీటర్ బ్యాడ్జీ అందుకుంటూ.

"నూనె తాగి నిద్రపోతోంది," అంది మేడం. తర్వాత గొంతు తగ్గించి, "ఈరోజు ప్రెషర్ ట్రెండ్ చూడండి. చాలా అందంగా ఉంటుంది. కన్నార్పకుండా చూడండి," అంది.

తన సరుకు గురించి గొప్పలు చెప్పుకుంటోంది అనుకున్నాడు మీటర్. పచ్చకామెర్లు అంటించేవాళ్ళే ఇలా మాట్లాడతారని లోపల తిట్టుకున్నాడు.

దారిలో కాంప్రెసర్ హౌస్ ఉంది. ట్యాంకులోని గ్యాసును లాగి, ప్రెషర్ పెరగకుండా కాపాడేది ఆ కాంప్రెసరే. అది తడబడితే ట్యాంకు ఉబ్బుతుంది. ట్యాంకు బద్దలైతే షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళతో ఆగదు. గోడవతల స్కూలుంది, బజారుంది, క్వార్టర్లున్నాయి. గాలి ఎటు వీస్తే అటు ఊరు ఊరంతా ఊపిరాడక పోతుంది. మీటర్ చూసీ చూడనట్టు పెన్నును బేరింగ్ పక్కన అంటించాడు. గడియారం మణికట్టు మీద పిచ్చుక గుండెలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఉండాల్సిన దానికంటే ఎక్కువే, కానీ ఒక్క అదురు చూసి యంత్రానికి రోగమని చెప్పలేడు.

"పెన్ను మర్చిపోయావు," అన్నాడు బావ వెనకనుంచి.

"ఇంకోటుందిలే."

కంట్రోల్ రూమ్‌లో కుర్చీ మీద ఉన్నది ఆ షిఫ్ట్ ఇన్‌చార్జి, హెడ్మిస్ట్రెస్. అసలు పేరుతో ఎవరూ పిలవరు. ఆమె లోపలికొస్తే సెల్‌ఫోన్లు కూడా నోరు మూసుకుంటాయి. మంత్రిగారు రావడానికి ముందు మీటర్ తన వేషానికి తగ్గ ప్రశ్న అడిగాడు.

"మీకు ఎలాంటి పెర్ఫార్మెన్స్ డేటా కావాలి మేడం?"

"అడిగారు, సంతోషం. ఇన్నాళ్ళకి ఒక్కరు అడిగారు." ఆమె గోడమీది రంగురంగుల బోర్డును చూపించింది. "అది చూడండి. ఏ షిఫ్ట్ ఫస్టు, ఏ షిఫ్ట్ లాస్టు. పై ఆఫీసుకి కావాలి, మాకెందుకు? వచ్చేవన్నీ మార్కులే. మాకు కావల్సింది నాడి. యంత్రం ఇప్పుడెలా ఉంది, ఇంకాసేపట్లో ఎలా ఉంటుంది, నేనేం చెయ్యాలి? అది చెప్పే బోర్డు ఒక్కటీ లేదు."

"మీరింకా దణ్ణం పెట్టినట్టు లేదే?"

హెడ్మిస్ట్రెస్ చురుగ్గా చూసింది. "అదెలా తెలుసు మీకు?"

"ట్రైనర్ని కదా, విన్నాను."

ఆ కంట్రోల్ రూమ్‌కొక పాత అలవాటుంది. కుర్చీ ఎక్కిన ఇన్‌చార్జి ముందుగా కూలింగ్ వాల్వ్ నాబ్‌ను రవ్వంత తిప్పి వెనక్కి తెస్తాడు. ట్యాంకు ప్రెషర్ గీతలో చిన్న గతుకు పడుతుంది. దాన్ని దణ్ణం అంటారు. యంత్రం మాట వింటోందని తెలియడానికి మొదలైంది, పోనుపోనూ సంతకంలా మారింది. హెడ్మిస్ట్రెస్‌ది రెండు సమానమైన గతుకులు. బావది ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందికి, చివర్న చిన్న తోక. 'ఇది కనిపిస్తే కుర్చీలో నేనున్నానని అర్థం, నిశ్చింతగా పడుకో' అని బావ ట్రెయినీ రోజుల్లో చెప్పేవాడు. మీటర్ నిజంగానే పడుకునేవాడు.

"ఈరోజు దణ్ణాల్లేవు," అంది హెడ్మిస్ట్రెస్. "మంత్రిగారు వెళ్ళేదాకా నాబ్ మీద చెయ్యి వేయొద్దని పై ఆఫీసు ఆర్డరు."

మంత్రిగారు వచ్చారు. కెమెరాలు వచ్చాయి. వెనకే గ్లోవ్స్ నిపుణుడు, టీ ట్రేతో పచ్చ మేడం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. హెడ్మిస్ట్రెస్ లేచి నమస్కారం పెట్టింది. అందరి మొహాలూ మంత్రిగారివైపు, మంత్రిగారి మొహం కెమెరావైపు. తెరను చూస్తున్నది మీటర్ ఒక్కడే. పక్కన బావ టీ కప్పుతో నిలబడి ఉన్నాడు.

పచ్చటి గీత నున్నగా సాగుతోంది. ఉన్నట్టుండి ఒక మెట్టు పైకెక్కింది. ఒక మెట్టు కిందికి దిగింది. చివర్న చిన్న తోక తిప్పింది.

కుర్చీ ఖాళీగా ఉంది. నాబ్ దగ్గర ఎవరూ లేరు. ఆ దణ్ణం పెట్టాల్సిన చేతిలో టీ కప్పుంది. అంటే ఈ గీత ఈరోజుది కాదు. ఎప్పుడో బావ డ్యూటీలో రికార్డు చేసిన మంచి రోజును ఎవరో తిరిగి ఆడిస్తున్నారు. ఆటోమేటిక్‌గా ప్లాంటును ఆపాల్సిన సిస్టమ్ కూడా ఈ అబద్ధాన్నే చదువుకుంటూ హాయిగా కూర్చుంది. రికార్డు చేయాలంటే ప్యానెల్ తాళం తీయాలి. ఆ తాళంచెవి డ్యూటీలో ఉన్న ఇన్‌చార్జి మెడలోనే ఉంటుంది.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఎవరో దొంగిలించి ఉంటారు, బావకు తెలిసి ఉండదు, ఇప్పుడే చూసి అదిరిపడతాడు అనుకుంటూ తల తిప్పాడు. తన చేతిరాత ఉన్నట్టుండి ఎదురైతే ఎవడైనా దాన్నే చూస్తాడు. బావ తెరవైపు చూడటం లేదు. బావమరిది మొహంలోకి చూస్తున్నాడు.

"ఎప్పుడు రికార్డు చేశావు బావా?"

బావ కప్పు బల్లమీద పెట్టాడు. "అలవాటురా. రికార్డింగ్ ఆన్ చేసి మరీ దణ్ణం పెట్టాను. చెయ్యి ఊరుకోలేదు."

దొంగతనానికి వెళ్ళినవాడు గుమ్మం దగ్గర చెప్పులు వరుసగా విడిచినట్టుంది వ్యవహారం. ఇంకెప్పుడైనా అయితే మీటర్‌కు నవ్వొచ్చేది.

"ఎందుకు?"

"ఇన్నేళ్ళూ ఆ యంత్రాన్ని కన్నబిడ్డలా చూశాను. మెల్లగా నడిపితే బోర్డులో ఎరుపు. రిపేరుకి ఆపితే ఎరుపు. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాళ్ళ ముందు నిలబెట్టి, ఎందుకు లాస్టు వచ్చావని అడిగారు. ఆవిడొచ్చి కాస్త పచ్చ పూస్తానంది. పూయించుకున్నాను. ఆ తర్వాత ఆ గ్లోవ్స్ వాడు నన్ను వదల్లేదు."

"మరి మాస్టారు?"

"పేరు చెప్పాను. అంతే."

అంతే! నమ్మించి గొంతు కోసేవాళ్ళకు ఆ మాట ఎంత అక్కరకొస్తుందో. మణికట్టు మీద గడియారం ఇప్పుడు పిచ్చుకలా లేదు, సుత్తిలా కొడుతోంది.

"అక్కని అందుకే ఊరు పంపావా?"

"దానికేం తెలీదు."

"నన్ను మాత్రం నీ చేత్తో పట్టుకుని తీసుకొచ్చావు."

బావ కళ్ళు దించుకున్నాడు. "నువ్వు బయటుంటే ఆపేవాడివి," అన్నాడు. తర్వాత చాలా మామూలుగా, "మంచినీళ్ళు తాగొస్తా," అని తలుపువైపు నడిచాడు.

శత్రువు తుపాకీ ఎక్కుపెట్టినా మీటర్ ఎన్నడూ ఇలా నిలువునా కూలిపోలేదు. పెంచిన చెయ్యి, అన్నం కలిపి పెట్టిన చెయ్యి! కానీ సుత్తి ఆగడం లేదు. ఏడవడానికి తర్వాత కావలసినంత టైముంటుంది, ఊరు మిగిలితే.

"మేడం! ప్లాంట్ ఆపండి! ట్యాంకు ప్రెషర్ ఎక్కుతోంది!"

ప్లాంట్ మేనేజర్ పాలిపోయిన నవ్వు నవ్వాడు. మంత్రిగారు కెమెరావైపు నుంచి మొహం తిప్పారు.

"ట్రైనర్ గారూ, సైలెన్స్!" అంది హెడ్మిస్ట్రెస్. "తెర చూడండి. గ్రీన్. మీ మాట పట్టుకుని మంత్రిగారి ముందు ప్లాంట్ ఆపితే రేపు నా పిల్లలకి మీరు అన్నం పెడతారా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? గడియారం తీసి చూపిస్తే పిచ్చివాడంటుంది. ఐడీ కార్డు చూపిస్తే తూనికలు, కొలతలు అని ఉంటుంది. నిజమైన రీడింగ్ ఉంటే సరిపోదు, నమ్మేలా అందించాలి అన్నాడు పెద్దాయన. మీటర్ గొంతు తగ్గించాడు.

"ఆపొద్దు మేడం. ఒక్క దణ్ణం పెట్టండి."

"ఏంటి?"

"మీ దణ్ణం. ఇంకా పెట్టలేదుగా."

తలుపు దగ్గర బావ అడుగు ఆగిపోయింది. హెడ్మిస్ట్రెస్ ఒకసారి మేనేజర్‌ను చూసింది, ఒకసారి ఆర్డరు అంటించిన గోడను చూసింది. ఆమె చేతికి కూడా దురదగానే ఉన్నట్టుంది, నాబ్ అందుకుంది. రవ్వంత తిప్పి తెచ్చింది. మళ్ళీ తిప్పి తెచ్చింది.

గీత నున్నగా సాగిపోయింది.

ఆమె ఈసారి నాబ్‌ను సగందాకా తిప్పేసింది. పచ్చటి గీతలో వెంట్రుకంత చలనం లేదు. అప్పుడామె చూపు తెరమీద కాస్త ఎడమవైపు పడింది. మెట్టు పైకి, మెట్టు కిందికి, తోక.

"ఇది సీనియర్ గారిది కదా," అంది. "ఆయన అక్కడ..."

మాట పూర్తి చేయలేదు. ఒక్క పరుగులో గోడ దగ్గరికి వెళ్ళి, కంప్యూటర్‌తో సంబంధం లేని పాత ఎర్ర బటన్ మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేసింది.

తలుపు దగ్గర తెల్ల గ్లోవ్ కోటులోంచి పైకి లేచింది. గ్లోవ్‌లో తుపాకీ ఉంది, గురి మీటర్ మీద ఉంది. పచ్చ మేడం చేతిలోని ట్రే కూడా అప్పుడే లేచింది. కెటిల్‌లో సలసల కాగుతున్న టీ అంతా గ్లోవ్స్ మీదికి వెళ్ళింది. గుండు మీటర్‌ను వదిలి షిఫ్టుల మార్కుల బోర్డులో దిగింది. మంత్రిగారు బల్లకింద దూరారు. మీటర్ రెండంగల్లో గ్లోవ్స్ మీద పడి చెయ్యి విరిచి పట్టుకున్నాడు.

బయట చిమ్నీ కొసన మంట భగ్గుమని లేచింది. ట్యాంకులో ఉబ్బుతున్న గ్యాసంతా అటు మళ్ళి మండిపోసాగింది. ట్యాంకుకున్న పాతకాలపు ముల్లు గేజ్‌ను తర్వాత వెళ్ళి చూశారు. ముల్లు ఎర్రగీతకు గోరంత దూరంలో ఆగి, అప్పుడప్పుడే వెనక్కి తిరుగుతోంది. ప్రెషర్ ఎక్కితే దానంతటదే తెరుచుకోవాల్సిన రిలీఫ్ వాల్వ్‌కు ఎవరో లోపలినుంచి ఇనుప మేకు బిగించారు. మంత్రిగారు బల్లకిందనుంచి బయటకు వచ్చి, మన సిస్టమ్ ఎంత సమర్థంగా ఆగిందో చూశారా అని కెమెరాలకు చెప్పారు.

వరండాలో మీటర్ పచ్చ మేడంను ఆపాడు.

"మీరు ఎవరి మనిషి?"

"రికార్డు చేసి తిరిగి ఆడించే పెట్టె నేనే ఇచ్చాను," అంది ఆమె. "అంకెలకి రంగేసుకోడానికే అనుకున్నాను. ట్యాంకు సంగతి మాస్టారు పోయాక అర్థమైంది. మీ బావగారు రికార్డింగుకి ఎంచుకున్న రోజును చూశాను. అందులో దణ్ణం ఉంది, వేరే రోజు పెట్టుకోండి అని చెప్పొచ్చు. చెప్పలేదు. కన్నార్పకుండా చూడమని మీకు మాత్రం చెప్పాను."

"నోరు విప్పి చెప్పి ఉంటే?"

"గ్లోవ్స్ పక్కనే ఉన్నాడు కదండీ," అంది ఆమె. అది నిజమో, నిజానికి పూసిన రంగో మీటర్‌కు తెలియలేదు. ఆ పూట ఎవర్ని నమ్మాలో తేల్చుకునే ఓపిక అతనికి లేదు. విభాగం వాళ్ళతో ఆమెను కూడా జీపెక్కించాడు.

బావ పారిపోలేదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడట. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని తీసుకెళ్తుంటే బావమరిది ముందు ఒక్క క్షణం ఆగాడు. క్షమించమంటాడేమో, తిడతాడేమో అని మీటర్ బిగుసుకుని నిలబడ్డాడు.

"మీసం ఊడుతోంది, సరిచేసుకో," అన్నాడు బావ.

మీటర్ మీసం పీకి పారేశాడు. మొహం మీద ఉన్నది చెమటే అని అక్కడున్నవాళ్ళు అనుకుని ఉంటారు. అనుకోనీ. ఇంటిదొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, పట్టుకున్నవాడి గతేమిటో ఎవరూ చెప్పలేదు.

జేబులో ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, మీ బావ ఫోన్ ఎత్తట్లేదురా. టీవీలో మన ప్లాంట్ చూపిస్తున్నారు. ఏమైంది? ఆయన బాగానే ఉన్నాడా?"

మీటర్ తలెత్తి బయటకు చూశాడు. జీపు గేటు దాటుతోంది. వెనక సీట్లో బావ తల కనిపిస్తోంది.

"బాగానే ఉన్నాడక్కా. ఏం కాలేదు. ఇక్కడంతా గ్రీన్."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"రాత్రి బండికే వచ్చేస్తున్నాను," అంది అక్క. "నువ్వింత నున్నగా ఎప్పుడూ మాట్లాడవు."